ఊరి చిట్టా: పోయినవాళ్లనూ, ఇంటింటి శుభకార్యాలనూ రాసిపెట్టుకోవడం ఎలా

తెనాలి, దుగ్గిరాల వైపు ఏ ఊరికి వెళ్లినా బస్సు ఆగే చోట ఒక ఫ్లెక్సీ కనిపిస్తుంది. పైన ‘అశ్రునివాళి’, కింద పెద్దకర్మ తేదీ, మధ్యలో చిన్న ఫోటోను సాగదీస్తే మసకబారిన ముఖం. భోజనాలైన వారానికి దాన్ని విప్పేస్తారు. వానాకాలం వచ్చేసరికి అదే ఫ్లెక్సీ ఎవరి గడ్డివాము మీదో కప్పి ఉంటుంది. పెద్దాయన ఆకాశంలోకి చూసి నవ్వుతూ ఉంటాడు. తప్పేమీ లేదు, గడ్డి తడవకూడదు కదా. కానీ ఊరు ఆయన కోసం చేసింది అంతటితో సరి. ఫ్లెక్సీ కట్టించే స్తోమత లేని ఇళ్లకు అది కూడా లేదు.

మా ఊళ్లో నాలుగేళ్ల కిందట ఒక చిట్టా మొదలుపెట్టాం. రెండువందల పైచిలుకు ఇళ్లు. ఎవరు పోయారు, ఎప్పుడు పోయారు, ఏ పని చేసేవారు, ఎవరింట్లో ఎప్పుడు పెళ్లి, ఎవరి బిడ్డకు ఎప్పుడు అన్నప్రాసన, ఇవన్నీ ఒకచోట రాసిన పుస్తకం అది. చేసిన తప్పులు చాలా ఉన్నాయి. మీ ఊళ్లో మొదలుపెట్టాలనుకుంటే ఆ తప్పులు మీరు మళ్లీ చేయకుండా ఉండటానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు హద్దులు తేల్చుకోండి

ఎంత వెనక్కి వెళ్లాలి అన్నది మొదటి ప్రశ్న. ఉత్సాహంలో అందరూ ముత్తాతల ముత్తాతల దగ్గర మొదలుపెడతామంటారు. గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చేసిన 1832-33 నాటి డొక్కల కరువు దాకా వెళదామని మా పిల్లవాడు ఒకడు పట్టుబట్టాడు. వద్దు. ‘కళ్లారా చూసినవాళ్లు ఒక్కరైనా బతికి ఉన్నంత వెనక్కి’ అన్నది మేము పెట్టుకున్న గీత. అంతకు ముందువి వంశవృక్షాల పని, దానికి వేరే పుస్తకం కావాలి.

రెండో హద్దు ఇంకా ముఖ్యం: ఎవరు ఊరివాళ్లు? పొలం ఉన్నవాళ్లేనా? ఇరవయ్యేళ్లు మా బడిలో పనిచేసి, మా ఊళ్లోనే పోయిన మాస్టారు? కోతలకు వచ్చి గుడిసె వేసుకుని ఉండిపోయిన కుటుంబం? పెళ్లయి వెళ్లిపోయిన ఆడపడుచులు? అందరూ లెక్కలోకి వస్తారని మొదటి రోజే రాసుకోండి. తరవాత వాదన వచ్చినప్పుడు ఆ కాగితం చూపించవచ్చు. వాదన తప్పకుండా వస్తుంది.

మూడోది వరస. పెద్ద కుటుంబాలతో మొదలుపెట్టి పేటలతో ముగిస్తే, పుస్తకం సగంలో ఆగినప్పుడు ఎవరి పేర్లు లేకుండా పోతాయో మీకే తెలుసు. మేము ఊరికి తూర్పున ఉన్న పేట చివరి ఇంటి దగ్గర మొదలుపెట్టాం. ఒక ఇంటికి రెండు పేజీలు, ఎవరికైనా అంతే. సర్పంచి ఇంటికీ రెండే.

ముగ్గురు మనుషులు, ఒక లాంగు నోటుబుక్కు

పదిమంది కమిటీ వేస్తే పదో రోజుకు టీలు తాగే కమిటీ మిగులుతుంది. ముగ్గురు చాలు: చేతిరాత బాగున్న ఒకరు, ఫోను వాడటం బాగా తెలిసిన ఒక కుర్రవాడు, డెబ్బై దాటిన ఒక పెద్దావిడ. ఆ పెద్దావిడ లేకపోతే పని జరగదు. మగవాళ్లకు పొలం ఎప్పుడు కొన్నారో గుర్తుంటుంది. ఏ కాన్పు ఎప్పుడు అయింది, ఎవరి బిడ్డ పురిట్లో పోయింది, ఎవరి చెల్లెలిని ఏ ఊరు ఇచ్చారు అన్నది ఆడవాళ్లే చెప్పగలరు. పైగా ఆమె వెంట ఉంటే వంటింటి దాకా వెళ్లవచ్చు. అసలు సంగతులు వసారాలో కన్నా అక్కడే ఎక్కువగా బయటికి వస్తాయి.

గట్టి అట్ట ఉన్న లాంగు నోటుబుక్కు కొనండి. మామూలు బాల్ పెన్నుతో రాయండి. జెల్ పెన్ను రాత అందంగానే ఉంటుంది, ఒక్క నీటి చుక్క పడితే ఇంటిపేరు కొట్టుకుపోతుంది.

వీధి వెంట నడవండి

ఓటర్ల జాబితా ఒకటి సంపాదిస్తే పని సగం తేలిక. అందులో ఇంటి నంబరు, తండ్రి పేరో భర్త పేరో ఉంటాయి. అది అస్థిపంజరం మాత్రమే: పద్దెనిమిది నిండనివాళ్లు అందులో ఉండరు, పోయినవాళ్లలో కొందరు ఇంకా ఉంటారు. అందుకే ఆ జాబితా చేత్తో పట్టుకుని ఇల్లిల్లూ నడవాలి.

నడిచేటప్పుడు పేర్ల గొడవ వస్తుంది. మా వైపు పేర్లు మొక్కుల నుంచి పుట్టినవి. కోటప్పకొండ మొక్కు వల్ల కోటేశ్వరరావులు, కోటయ్యలు, కోటమ్మలు. మంగళగిరి స్వామి పేరున పానకాలు. బాపట్ల నుంచి భావనారాయణలు. పెనుగంచిప్రోలు నుంచి తిరుపతమ్మలు. గుంటూరు మస్తాన్ దర్గాకు మొక్కుకుని హిందువులు కూడా మస్తాన్‌రావు, మస్తానమ్మ అని పెట్టుకున్నారు. కేథలిక్కుల ఇళ్లలో శౌరి, రాయప్ప, చిన్నప్ప, ఇన్నయ్య. ఒక్క ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు నలుగురైదుగురు ఉండటం మామూలే. కాబట్టి ప్రతి పేరు పక్కన తండ్రి పేరు, ఊళ్లో పిలిచే పేరు తప్పకుండా రాయండి. మిల్లు కోటేశ్వరరావు, పొడుగు కోటేశ్వరరావు, గేదెల కోటేశ్వరరావు అని. పిలుపు పేరు రాయడం అమర్యాద అని మొదట్లో నేను వదిలేశాను. ఫలితం: ఒక కోటేశ్వరరావు గారు పోయిన తేదీని ఇంకొక కోటేశ్వరరావు గారి పేజీలో ఎక్కించాను. ఆ రెండో ఆయన రచ్చబండ దగ్గర తన పేజీ చదివించుకుని విని, నింపాదిగా అన్నాడు: “అబ్బాయ్, నేను పోయి మూడేళ్లయిందని రాశావు. మరి నెలనెలా నా పింఛను ఎవరు తీసుకుంటున్నట్టు?”

ఆడవాళ్ల విషయంలో ఇంకో జాగ్రత్త. ‘ఫలానా వారి భార్య’ అని రాసి ఊరుకోవద్దు. ఆమె పేరు, పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు మూడూ అడగండి. కొన్ని ఇళ్లలో అత్తగారి అసలు పేరు కోడలికే తెలియదని మాకు అప్పుడే తెలిసింది.

మనుషుల కంటే ముందు వస్తువులను అడగండి

‘మీ పెళ్లి ఎప్పుడు అయింది?’ అని నేరుగా అడిగితే ‘చాలా కాలమైంది నాయనా’ అంటారు. ఇంట్లో వస్తువులు అంత తప్పించుకోలేవు.

మాకు అన్నిటికంటే ఎక్కువ పనికివచ్చినవి చదివింపుల పుస్తకాలు. పెళ్లిలో ఒక మూల కూర్చుని ఎవరు ఎంత చదివించారో రాసే ఆ నోటుబుక్కును చాలా ఇళ్లలో పారెయ్యరు, ఎందుకంటే అది తిరిగి పెట్టవలసిన బాకీల లెక్క. మొదటి పేజీ మూలలకు పసుపు, పైన ‘శ్రీరామ’, తేదీ, ముహూర్తం. కింద వరసగా పేరు, ఊరు, రూపాయలు. ఒకే ఇంటి రెండు మూడు పెళ్లిళ్ల పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూడండి. 1974 పెళ్లిలో తండ్రి పేరున చదివింపు ఉంది, 1979 పెళ్లిలో అదే ఇంటి నుంచి కొడుకు పేరున ఉంది అనుకుందాం. ఆ అయిదేళ్లలో ఆ పెద్దాయన పోయి ఉండవచ్చు. అయితే తొందరపడకండి, తండ్రీకొడుకులు వేరుపడి కూడా ఉండవచ్చు. అది ప్రశ్న వేయడానికి ఒక దారం మాత్రమే.

తరవాత సామాను. ఒక మామ్మగారు తన పెళ్లి సంవత్సరం ఎంతకీ చెప్పలేకపోయింది. మా పెద్దావిడ ‘పుట్టింటివాళ్లు పెట్టిన బిందె ఉందా?’ అని అడిగింది. అటక మీద నుంచి దింపారు. చింతపండుతో తోమి తోమి అరిగిన ఇత్తడి మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. మామ్మకు చదువు రాదు. వేలితో తడుముతూ ‘ఇదిగో, మా నాన్న పేరు ఇక్కడ ఉంటుంది’ అంది. పేరు పక్కనే ఉంది: 27-4-69. సంవత్సరం కోసం వెళితే తారీకు సహా దొరికింది.

ఇంకా చూడవలసినవి: పాత శుభలేఖలు, గుడి గోడ మీది దాతల శిలాఫలకాలు, బస్టాపులో ‘జ్ఞాపకార్థం’ వేయించిన సిమెంటు బల్లలు, బడిలో సీలింగు ఫ్యాను రెక్కల మీద రంగుతో రాసిన పేర్లు. ఫ్యాన్లు తిరుగుతుంటే ఆ పేర్లు ఎవరూ చదవలేరు. కరెంటు పోయినప్పుడు వెళ్లండి.

చర్చి పుస్తకాలు మరిచిపోవద్దు. లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరు వచ్చింది 1842లో. అప్పటి నుంచి బాప్తిస్మం, వివాహం, సమాధి వేరువేరుగా నమోదు చేసే అలవాటు ఈ ప్రాంతపు చర్చిలకు ఉంది. పాస్టరు గారిని అడిగి, ఆయన ఎదుటే కూర్చుని రాసుకోండి. పుస్తకం ఇంటికి తీసుకువెళతామని అడగవద్దు.

బడి అడ్మిషన్ రిజిస్టరును మాత్రం సగమే నమ్మండి. చేర్పించడానికి వచ్చిన తాతకు తేదీ తెలియకపోతే హెడ్మాస్టరు జూన్ ఒకటో, జులై ఒకటో వేసేవారు. ఆ లెక్కన మా ఊరి పిల్లల్లో చాలామంది బడి తెరిచే వేళకే పుట్టారు.

పెద్దవాళ్లతో మాట్లాడటం

ముందు ఎనభై దాటినవాళ్ల దగ్గరకు వెళ్లండి. పంటకోతలు అయ్యాక చూద్దాం అనుకుని మేము వాయిదా వేసిన ఇద్దరు ఆ కోతలు చూడలేదు. ఉదయం టిఫిను అయ్యాక, ఎండ ముదరకముందు మాట బాగా సాగుతుంది. గంటకు మించి కూర్చోవద్దు. ఫోనులో రికార్డు చేస్తున్నట్టు ముందే చెప్పి, ఒప్పుకుంటేనే చేయండి.

సంవత్సరాలు అడగకండి, సంఘటనలు అడగండి. ఉప్పెనకు ముందా, తరవాతా? కృష్ణా, గుంటూరు జిల్లాల తీరంలో ఉప్పెన అంటే ఒకటే, 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన. బెజవాడలో ప్రకాశం బ్యారేజి 1957లో వచ్చింది, అంతకు ముందు ఉన్నది పాత ఆనకట్ట. గుంటూరులో హైకోర్టు ఉన్న రోజులు అంటే 1954 నుంచి 1956 దాకా. పల్నాడు వైపు ఊరైతే సాగరు నీళ్లు రావడం పెద్ద గుర్తు, కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. జై ఆంధ్ర ఉద్యమానికి బళ్లు మూతపడింది 1972-73. కరణాలు, మునసబుల పదవులు రద్దయింది 1984. మే నెల తుపాను 1990. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016. ఈ గుర్తులన్నీ ఒక అట్టముక్క మీద రాసి చేతిలో పెట్టుకోండి. ‘పెద్దవాడు ఉప్పెననాటికి చంకలో బిడ్డ’ అని ఒక తల్లి అంటే మీకు సంవత్సరం దాదాపు దొరికినట్టే.

పోయినవాళ్ల గురించి అడిగేటప్పుడు ‘ఆయన ఎలాంటివారు?’ అనవద్దు. ‘చాలా మంచివాడు’ అన్న జవాబు వస్తుంది, దానితో ఏమీ చేయలేం. ‘పొద్దున్నే లేచి మొదట ఏమి చేసేవాడు?’, ‘ఆమెను ఊళ్లో ఏ పనికి పిలిచేవాళ్లు?’, ‘కోపం వస్తే ఏమనేవాడు?’ అని అడగండి.

తేదీ ఒకటి, తిథి ఒకటి

రెండూ రాయండి. ప్రభుత్వ కాగితాలకు తేదీ కావాలి, తద్దినానికి తిథి కావాలి. తిథి రాసేటప్పుడు సంవత్సరం పేరు, మాసం, శుద్ధమో బహుళమో, తిథి నాలుగూ ఉండాలి. ‘దశమి’ అని ఒక్క ముక్క రాస్తే ఏడాదికి ఇరవై నాలుగు దశములు ఉన్నాయి. అధిక మాసమైతే ఆ మాట కూడా రాయాలి. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది, ఏ శ్రావణమో చెప్పకపోతే పంతులుగారికి తలనొప్పి.

సంవత్సరం పేరు ఒక్కటే దొరికితే అరవయ్యేళ్ల చక్రం గుర్తుంచుకోండి. నందన అంటే 2012 కావచ్చు, 1952 కావచ్చు, 1892 కావచ్చు. మొదట చెప్పిన డొక్కల కరువు కూడా నందనలోదే. తిథి అసలు తెలియనివాళ్లు ఉంటారు. వాళ్లకు మహాలయ అమావాస్య అని రాసుకోవడం ఆనవాయితీ. ముస్లిం ఇళ్లలో నలభయ్యో రోజు, క్రైస్తవుల ఇళ్లలో జ్ఞాపకార్థ కూడిక తేదీ అడగండి. ఎవరి లెక్క వారిది, పుస్తకంలో అన్నిటికీ ఒకే గడి.

కొత్తగా జరిగిన జనన మరణాలను 21 రోజుల లోపల నమోదు చేయించాలి. చిట్టా కోసం వెళ్లినప్పుడు ‘సర్టిఫికెట్ తీసుకున్నారా?’ అని ఒక మాట అడిగితే ఆ ఇంటికి మేలు చేసినవాళ్లవుతారు.

ఏమి రాయాలి, ఏమి వదలాలి

ఫ్లెక్సీ భాష వద్దు. అజాతశత్రువు, పరోపకారి, మృదుస్వభావి అన్న మూడు మాటలు మా పుస్తకంలో నిషేధం. ఊళ్లో అందరూ అజాతశత్రువులైతే కాలువ నీళ్ల తగాదాల్లో తలలు పగిలింది ఎవరికి?

నాలుగైదు వాక్యాలు చాలు. మా పుస్తకంలో ఒకామె గురించి, పేరు తీసేసి, ఇక్కడ ఇస్తున్నాను: ‘చెరువుగట్టు పక్క ఇల్లు. పసుపు ఉడకబెట్టడంలో ఆరితేరిన మనిషి. మూత తీయకుండానే ఆవిరి వాసనను బట్టి కొమ్ము ఉడికిందో లేదో చెప్పేది. ఎవరి కళ్లంలో పసుపు ఉడుకుతున్నా ఆమెను పిలుచుకువెళ్లేవారు. కూలి పైసలతో పాటు రెండు కొమ్ములు కొంగున కట్టుకుని ఇంటికి వచ్చేది.’ ఇది విన్న రోజున ఆమె కొడుకు మాట్లాడలేదు. కాసేపటికి ‘ఆ కొమ్ములు నాకు బాగా గుర్తు’ అన్నాడు.

వదలవలసినవి: చావుకు కారణం, ఇంటివాళ్లు తామే చెబితే తప్ప. పురుగుల మందు సంగతులు ఊరందరికీ తెలిసినవే, అచ్చులో అక్కర్లేదు. ఆస్తి తగాదాలు, రెండో సంబంధాల గురించిన గుసగుసలు, ఆధార్ నంబర్లు, బతికి ఉన్నవాళ్ల పూర్తి పుట్టినతేదీ కూడా వద్దు. బతికి ఉన్నవాళ్లకు నెల, రోజు చాలు, మోసగాళ్లకు సంవత్సరం ఎందుకు అందించాలి? ఇంట్లోంచి వెళ్లి వేరే కులంలో పెళ్లి చేసుకున్న పిల్లల పేర్లు తీసేయమని కొందరు తండ్రులు అడుగుతారు. మేము తీయలేదు. ఆ పిల్లలు తమ పేరు వద్దంటేనే తీస్తామని చెప్పాం. రెండిళ్లలో మాటలు పడ్డాం.

ప్రతి ఇంటి రెండు పేజీలూ ఆ ఇంట్లోనే పైకి చదివి వినిపించి, సరే అనిపించుకున్నాకే ఖరారు చేయండి.

శుభకార్యాల పేజీ

రెండో పేజీ బతుకుది. బారసాల, అన్నప్రాసన, అక్షరాభ్యాసం, పంచెలు, ఓణీలు, పెళ్లి, శ్రీమంతం, గృహప్రవేశం, షష్టిపూర్తి. అందరూ అన్నీ చేయరు, చేసినవే రాయండి. ఇవి కాక ఆ ఇంటికి మాత్రమే పెద్దవైన సంగతులు ఉంటాయి: మొదటి గేదె, మొదటి డిగ్రీ, గల్ఫు నుంచి తిరిగి వచ్చిన రోజు. వాటికే ఎక్కువ చోటు ఇవ్వండి.

షష్టిపూర్తి లెక్క సులువు. పుట్టిన సంవత్సరం పేరు మళ్లీ వస్తుంది. 1966లో పరాభవలో పుట్టినవారికి 2026లో మళ్లీ పరాభవ. వెయ్యి పున్నములు చూసినవారికి చేసే సహస్ర చంద్ర దర్శనం దగ్గరే తికమక. వెయ్యిని పన్నెండుతో భాగించి ఎనభై మూడేళ్ల నాలుగు నెలలు అంటారు కొందరు. పున్నమికీ పున్నమికీ మధ్య ఇరవై తొమ్మిదిన్నర రోజులే కాబట్టి నిజానికి 80 ఏళ్ల 10 నెలలకే వెయ్యి పూర్తవుతాయి. ఆ వయసులో రెండున్నరేళ్లు ఆగడం ఎందుకు?

ఫోటోలు

ఆల్బంలో అతుక్కుపోయిన ఫోటోను పీకవద్దు, ఆల్బంతో సహా నీడలో పెట్టి, ఫ్లాష్ లేకుండా ఫోనుతో తీయండి. గోడకు తగిలించిన పటమైతే అద్దం మెరుపు పడకుండా కొంచెం పక్కకు జరగాలి. వెనక పేర్లు రాయవలసివస్తే మెత్తని పెన్సిలు. అసలు ఫోటో ఆ ఇల్లు దాటకూడదు. పెళ్లి గ్రూపు ఫోటో దొరికితే వరసలవారీగా అందరి పేర్లు అడగండి, ఒక మధ్యాహ్నం సరదాగా గడిచిపోతుంది.

ప్రతులు, ప్రెస్సు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు బీరువాల్లో అడుగున ఉన్న ఆల్బాలు ముందు పోయాయి. కాబట్టి మూడు ప్రతులు, మూడు చోట్ల: ఒకటి ఊళ్లో, ఎత్తయిన అరలో, ఒకటి గుంటూరులోనో బెజవాడలోనో ఉన్న ఊరివాళ్ల ఇంట్లో, ఒకటి కంప్యూటర్లో. పుస్తకం పెట్టిన చోట ఎండిన వేపాకు వేయండి.

అచ్చు వేయించదలిస్తే విజయవాడలో ప్రెస్సులకు కొదవ లేదు. డెమీ సైజులో ఫారానికి, అంటే మడిచి కుట్టే ఒక పెద్ద కాగితానికి, పదహారు పేజీలు. పేజీల లెక్క పదహారుతో భాగించేలా చూసుకుంటే డబ్బు వృథా కాదు. చాలా డీటీపీ సెంటర్లు ఇప్పటికీ అను ఫాంట్లలోనే, అంటే పాత పద్ధతి తెలుగు అక్షరాల్లోనే, కొడతాయి. అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడులో కొట్టించండి, లేదా మీ కుర్రవాడి చేత ఫోనులోనే కొట్టించి ఇవ్వండి. లేకపోతే రేపు కంప్యూటర్లో ఒక పేరు వెతకాలంటే దొరకదు. బైండింగ్ కుట్టించండి, గమ్ము పెట్టినది మన ఎండలకు రెండేళ్లలో ఊడి చేతికి వస్తుంది. చివర ఒక ఫారం ఖాళీ కాగితాలు వేయించడం మరవవద్దు.

చదివే రోజు, తరవాతి పని

ఊరికి ముందే ఉన్న రోజులను పట్టుకోండి. సంక్రాంతికి పెద్దలకు కొత్తబట్టలు పెట్టడం ఉంది, కేథలిక్కులకు నవంబరు 2 సమాధుల పండుగ ఉంది, ముస్లింలకు షబే బరాత్ ఉంది. అందరూ ఊళ్లో ఉండేది కనుమ నాడు గనక మేము ఆ సాయంత్రం పెట్టుకున్నాం. ఆ ఏడాది పోయినవాళ్ల పేజీలు చదువుతాం, పుట్టిన పిల్లల పేర్లు చదువుతాం, అంతే. ఉపన్యాసాలు లేవు, శాలువాలు లేవు. నలభై నిమిషాల్లో అయిపోతుంది. పొడిగించమన్నా ఒప్పుకోకండి, మైకు ఒకసారి చేతికి చిక్కితే కొందరు వదలరు.

ఏడాది పొడవునా సంగతులు చేరవేయడానికి వీధికి ఒక్కరిని పెట్టుకోండి. మా ఊళ్లో ఆ పనికి అందరికంటే బాగా కుదిరింది పాలకేంద్రం దగ్గర పాలు కొలిచే ఆవిడ. పొద్దునా సాయంత్రం ప్రతి ఇల్లూ ఆమె ముందుకు వస్తుంది. ఎవరింటి పాలు రెండు పూటలు రాకపోతే ఆమె నాకు ఫోను చేస్తుంది, నేను పుస్తకం తీసుకుని బయలుదేరతాను. చాలాసార్లు గేదె ఒట్టిపోయి ఉంటుంది, అంతే.